బడి ఫారంలో తెలుగు అనే రాయమ్మా

కూకట్‌పల్లి నుంచి వచ్చే నెల డాలస్ బయల్దేరుతున్న ఒక చెల్లి సందేహం ఇది. బాబుకి ఐదేళ్లు. బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారట, తెలుగు అంటే వేరే క్లాసులో వేసేస్తారేమో, ఇంగ్లిష్ అని రాసేద్దామా అక్కా అని.

వద్దమ్మా. ఆ పని నేను చేశాను.

2003లో మా పాపని బడిలో వేసేనాటికి మాకు అక్కడ తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురే. అన్నీ మేమే కనుక్కుని నెట్టుకొచ్చాం. మీకిప్పుడు ప్రతిదానికీ వాట్సాప్ గ్రూపుంది, భయాలు మాత్రం అవే. ఫారంలో భాష గురించి అడిగిన రెండు ప్రశ్నలకీ ఇంగ్లిష్ అనే రాశాను. రాసింది అబద్ధం కాకూడదని ఇంట్లోనూ ఇంగ్లిషే మొదలుపెట్టాం. ఏడాది తిరిగేసరికి పాప గడగడా మాట్లాడుతుంటే ఎంత మురిసిపోయానో.

ఒక శనివారం నల్లకుంటలో ఉన్న అమ్మకి ఫోన్ చేసి పాపకిచ్చాను. "బువ్వ తిన్నావా బంగారం, ఏం కూర?" అంది అమ్మ. పాప ఫోన్ నా చేతిలో పెట్టి, అమ్మమ్మ ఏమంటోందని ఇంగ్లిష్‌లో అడిగింది. అది అమ్మకి వినపడింది. కాలింగ్ కార్డులో ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. ఇద్దరికీ మాట రాలేదు.

ఒంటరితనం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆయన వచ్చేసరికి రాత్రి తొమ్మిది. ఇంట్లో పిల్ల ఉండి కూడా పగలంతా నా మాట నాలోనే ఉండిపోయేది. డబ్బు ఇబ్బందులు రెండేళ్లలో తీరాయి, ఇది తీరలేదు.

రూల్స్ బడి ఆఫీసులో అడిగితే చెప్తారు. తెలుగు అని రాస్తే బాబుకి ఇంగ్లిష్ ఎంత వచ్చో పరీక్ష పెడతారు. చాలకపోతే అదనంగా నేర్పిస్తారు. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనా పిల్లల కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇలాంటి పిల్లల్ని గాలికి వదిలేయకూడదని తీర్పిచ్చింది. దానికి టెన్షన్ ఎందుకు?

సెన్సస్ వాళ్ల సర్వే వచ్చినా ఇదే ప్రశ్న ఉంటుంది, ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చో కూడా అడుగుతారు. మా ఆయన వినయంగా 'బాగా' అని పెట్టారు. 'చాలా బాగా' కంటే ఏం తగ్గించినా ఇంగ్లిష్ అంతగా రానివాళ్ల లెక్కలో వేస్తారని తర్వాత తెలిసింది. రోజంతా ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడే మీకు ఆ వినయం అక్కర్లేదు.

మీ బాబు ఇంట్లో తెలుగు, కింద వాచ్‌మన్ పిల్లలతో హిందీ, స్కూల్లో ఇంగ్లిష్ మాట్లాడతాడన్నావు. హైదరాబాద్‌లో మనందరం అలాగే పెరిగాం, ఒకటి వచ్చిందని ఇంకొకటి మానేయలేదు. అక్కడ ఇంగ్లిష్ నేర్పడానికి ఊరంతా ఉంది. తెలుగుకి మీ ఇద్దరే.

వేసవిలో అక్కడ రాత్రి 7:30 అంటే ఇక్కడ పొద్దున్న 6. మీ అమ్మగారు కాఫీ పెట్టుకునే వేళ. బాబు అన్నం తినేటప్పుడు ఫోన్ కలిపి వాడి ముందు పెట్టు. నువ్వు పక్క గదిలోకి వెళ్లిపో. అక్కడే ఉంటే ఇద్దరి మధ్యా నువ్వే మాట్లాడేస్తావు.