‘నా చదువు’, ‘చదివినవి’ – పేజీకి ఏ పేరు?

సందేహం: చదివిన పుస్తకాల వివరాలు, నచ్చిన లింకులు పదిమందితో పంచుకోవడానికి సొంతంగా ఒక వెబ్‌సైటు తయారు చేసుకుంటున్నాను. పుస్తకాల పేజీకి ‘నా చదువు’ అని పేరు పెడితే, చూసినవాళ్ళు నా డిగ్రీల వివరాలనుకున్నారు. ‘నా పఠనం’ అనమని ఒకరు, ‘పఠనాభిరుచులు’ అనమని ఇంకొకరు అన్నారు. రెండో పేజీకి ‘లంకెలు’ అని పెట్టాను. అది ఇంగ్లీషు లింకుకు వచ్చిన వికృతరూపమని మా అన్నయ్య అంటాడు. ఏవి సాధువులు? – ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: అమ్మా, చూసినవాళ్ళు పొరబడలేదు. ‘చదువు’ నామవాచకంగా నిలబడితే తెలుగువాడికి మొదట తోచేది విద్యే. ‘ఏం చదువుతున్నావు?’ అని పెద్దవాళ్ళు అడిగితే ‘ఇంటరు’ అంటాం గానీ చేతిలో ఉన్న నవల పేరు చెప్పం. ‘చదివాడు’ అంటే ఒక పుస్తకమో ఉత్తరమో చదివాడని. ‘చదువుకున్నాడు’ అంటే విద్యావంతుడని. ‘నా చదువు’ అనే శీర్షికలో వ్యాకరణదోషమేమీ లేదు. అది మీరు చెప్పదలచుకున్నది కాకుండా వేరే సంగతి చెబుతోంది, అంతే. దీనికి మందు సంస్కృత పదకోశంలో లేదు, ఆ ధాతువులోనే ఉంది. నామవాచకాన్ని వదలి క్రియాజన్య విశేషణాన్ని పట్టుకోండి. ‘చదివినవి’ అనండి.

ఈ రూపం నేను కల్పించింది కాదు. పోతనామాత్యుడు ప్రహ్లాదుడి నోట పలికించిందే. ఆయన భాగవతం సప్తమస్కంధంలో ఈ ధాతువు మీద రెండు కందాలున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మొదటిది కొడుకును గురువుల దగ్గరికి పంపుతూ హిరణ్యకశిపుడు అన్నది:

చదువని వాఁ డజ్ఞుం డగుఁ
జదివిన సదసద్వివేక చతురత గలుగుం
జదువఁగ వలయును జనులకుఁ
జదివించెద నార్యులొద్దఁ జదువుము తండ్రీ!

రెండోది గురుకులం నుంచి తిరిగివచ్చాక కొడుకు తండ్రికి చెప్పుకున్న లెక్క:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు నేఁ
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మ మెల్లఁ జదివితిఁ దండ్రీ!

కందంలో ప్రాస నియమం ప్రకారం ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. ఇక్కడ అది దకారం. దకారం ఒక్కటి సరిపోయే చోట పోతన ధాతువు మొత్తాన్నే నాలుగు పాదాల మొదటా నిలబెట్టాడు. ఒక్కో పద్యంలో అయిదేసి సార్లు వచ్చినా ఏ రూపమూ ఊరికే రాలేదు. తండ్రి పద్యంలో ‘చదువని’ వ్యతిరేకం, ‘చదివిన’ షరతు, ‘చదువఁగ వలయును’ విధాయకం, ‘చదివించెద’ ప్రేరణం, ‘చదువుము’ ఆజ్ఞ. రాజు నోట వచ్చే చదువు అంతా నియమాలూ ఆజ్ఞలూను. కొడుకు మొదటి పాదంలో తండ్రి ప్రేరణార్థకాన్నే అందుకుని ‘చదివించిరి’ అని బదులిచ్చాడు. ‘చదివితి’ అని శాస్త్రాల పేరు చెప్పాడు. ‘చదివినవి గలవు పెక్కులు’ అని సంఖ్య చెప్పి ఊరుకున్నాడు, జాబితా విప్పలేదు. నాలుగో పాదంలోని ‘చదువులు’ విద్యలు. చివరి ‘చదివితి’కి అర్థం మాత్రం మారిపోయింది. మర్మాన్ని కంటితో చదవలేం, గ్రహించాలి. పుస్తకం చదవడం, విద్య నేర్వడం, సారం గ్రహించడం – ఈ మూడర్థాలనూ ఒక్క ధాతువుతో నాలుగు పాదాల్లో ఇమిడ్చిన ఈ కందం కంటే మంచి నిఘంటువు ‘చదువు’ అనే మాటకు దొరకదు.

కన్నడంలో ‘ఓదు’ చేసే పని తెలుగులో ‘చదువు’ చేస్తుంది. పైకి చదవడం దీని పాత అర్థాల్లో ఒకటని పెళ్ళిళ్ళలోని ‘చదివింపులు’ ఇప్పటికీ గుర్తుచేస్తాయి. ఇచ్చినవారి పేరూ ఇచ్చిన సొమ్మూ బిగ్గరగా చదివించడమే కదా అది. పాఠకుడికి ‘చదువరి’ అనే చక్కని మాట ఉంది, వాడుకోండి.

ఇక మీ పేజీలోని విభాగాలు. గుడ్‌రీడ్స్ వంటి చోట్ల పుస్తకాల అరలు మూడు: ఇంగ్లీషులో రీడ్, కరెంట్లీ రీడింగ్, వాంట్ టు రీడ్. మొదటి దాని స్పెల్లింగు భూతకాలానికీ ఆజ్ఞకూ ఒక్కటే కాబట్టి, యంత్రానువాదానికి వదిలేస్తే ముగించిన పుస్తకాల అర నెత్తిన ‘చదవండి’ అని పడే ప్రమాదముంది. మనుషులు చేసే అనువాదాలూ అంత మేలుగా లేవు. ‘చదవబడిన పుస్తకాలు’, ‘ప్రస్తుత పఠనం’, ‘చదవడానికి కోరిక’ – ఇవేం మాటలు? కర్త మీరే అయి, మీ సొంత గోడ మీద రాసుకుంటూ, ‘బడు’ ఎందుకమ్మా? చదివినవి, చదువుతున్నవి, చదవాలనుకున్నవి అంటే చాలు. మూడోదానికి ‘చదవాల్సినవి’ అని రాయకండి. అందులో హిరణ్యకశిపుడి ‘చదువఁగ వలయును’ ఉంది, అది విధి, మీది కోరిక. రేపో ఎల్లుండో మొదలుపెట్టేవైతే ‘చదవబోయేవి’. ‘సగంలో వదిలేసినవి’ అని ఇంకో విభాగం పెడితే చదువరులకు మిగతా మూడింటికన్నా అదే ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకు వదిలేశారో ఒక వాక్యం రాస్తే.

‘పఠనం’ తప్పు మాట కాదు. పాఠం, పాఠకుడు, పారాయణం మధ్య పెరిగిన మాట గనక దానికి కాస్త గంభీరమైన గొంతు ఉంది. ‘పఠనాభిరుచులు’ మాత్రం ఉద్యోగ దరఖాస్తు భాష.

లంకె సంగతి. మీ అన్నయ్యగారు ధ్వనిసామ్యం చూసి మోసపోయారు. ఇంగ్లీషు లింకు ఉత్తర ఐరోపా జర్మానిక్ భాషల సొత్తు. మన లంకె లంకెబిందెల్లో ఉంది, ‘దానికీ దీనికీ లంకె పెట్టకు’ అనే రోజువారీ మాటలో ఉంది. ‘రాగం లంకించుకున్నాడు’ అనేదీ ఈ కుదురుదే కావచ్చు. గోదావరి మధ్య మేటవేసిన లంక వేరు. లకారంతో మొదలయ్యే మాటల్లో అచ్చ తెలుగువి తక్కువన్న మాట నిజమే గానీ, అసలు లేవనుకోకూడదు. తమిళంలో ‘ఉళ్’ మనకు ‘లో’ అయింది, ‘ఇల్లై’కి మన ‘లేదు’, ‘ఇళ’కు మన ‘లేత’, ‘ఎళు’కు మన ‘లేచు’. మొదటి అచ్చు లోపలికి జరిగి హల్లు ముందుకొచ్చింది. లంకె కూడా ఆ దారినే వచ్చిందని నేను అనడం లేదు. మొదటి అక్షరం చూసి పరాయిమాటని తేల్చెయ్యవద్దనే అంటున్నాను.

తెలుగు వికీపీడియా వ్యాసాల అడుగున ‘బయటి లింకులు’, ‘బయటి లంకెలు’ రెండూ కనిపిస్తాయి. రెండూ ఉండనివ్వండి. నాకు లంకె వైపే మొగ్గు. అయితే లంకె అంటే రెంటిని కలిపే కట్టు. మీ పేజీకి వచ్చినవాళ్ళకు కావలసింది కట్టు కాదు, దాని అవతలి కొసన ఉన్న వ్యాసం. అందుకే శీర్షికగా ‘చదవదగ్గవి’ ఇంకా మేలనిపిస్తుంది. వీడియోలూ ఉంటే ‘చదవదగ్గవి, చూడదగ్గవి’. లంకె అనే మాటను ‘ఈ లంకె పనిచేయడం లేదు’ వంటి వాక్యాలకు ఉంచుకోండి.

‘లింక్’ అని హలంతంగా, అంటే చివర పొల్లుతో రాసి ‘లు’ చేర్చడాన్ని మాత్రం ఒప్పుకోను. తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. లింకు, సైటు, ఫాంటు అనే పలుకుతాం, అలాగే రాయాలి. దీనికి యంత్రం వైపునుంచీ కారణముంది. క్-కి పక్కనే లు రాస్తే కంప్యూటరు దాన్ని వత్తు చేసి ‘లింక్లు’ అని చూపిస్తుంది. ఆపాలంటే మధ్యలో యూనికోడ్ 200సి అనే కనబడని అక్షరం పెట్టాలి. హెచ్‌టీఎంఎల్‌లోనైతే ఆంపర్‌సాండు, జడ్ డబ్ల్యూ ఎన్ జే, సెమీకోలన్ అని రాయవచ్చు. ‘వెబ్‌సైటు’లో అది తప్పదు, లేకుంటే ‘వెబ్సైటు’ అవుతుంది. ‘లింకులు’లో దాని అవసరమే లేదు. మీ సైటులో వెతుకుపెట్టె పెట్టుకుంటే ఈ కనబడని అక్షరమే తగాదా తెస్తుంది: ఒకరు అది ఉన్న మాట రాస్తారు, ఇంకొకరు లేని మాట వెతుకుతారు, ఫలితం సున్న. పోల్చేముందు రెండు వైపులా దాన్ని తీసేయండి. ఐత్వం కూడా ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జంటగానూ రావచ్చు కాబట్టి, పాఠాన్ని ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చి పోల్చాలి.

ఫైలును అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచి, ఆ సంగతి ప్రకటించే మెటా ట్యాగును తలభాగంలో మొట్టమొదటే పెట్టండి. అది ఫైలులోని తొలి 1024 బైట్లలోపు ఉండాలని నియమం. తెలుగుకు బదులు, నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’, పక్కన డిగ్రీ గుర్తు వరుసగా కనిపిస్తే ఈ ప్రకటన లేదనో, తప్పనో తెలుసుకోండి. పేజీ భాషను ‘టీ ఈ’ అనే రెండక్షరాల సంకేతంతో తెలపండి. దాన్ని చూసే, తెర చదివి వినిపించే పరికరాలు తెలుగు గొంతును ఎంచుకుంటాయి. సర్వరు అద్దె అక్కర్లేదు, గిట్‌హబ్ పేజెస్ వంటి చోట ఇలాంటి పేజీలు ఉచితంగా నిలుస్తాయి. తెలుగు అక్షరసంకేతం ఒక్కోటి 3 బైట్లు. పుస్తకానికి 200 సంకేతాల వ్యాఖ్య రాస్తే 600 బైట్లు. వెయ్యి పుస్తకాలైనా ఒక ఫొటోపాటి బరువే.

పేజీ పేరు తెలుగులో పెట్టండి, చిరునామా మాత్రం రోమన్ లిపిలో ఉంచండి. ‘చదివినవి’లో గుణింతపు గుర్తులతో కలిపి 8 సంకేతాలు, అంటే 24 బైట్లు. చిరునామాను నకలు తీసి ఎవరికైనా పంపేటప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో మూడేసి అక్షరాలైతే మొత్తం 72 అక్షరాల గొలుసు తయారవుతుంది. అది మధ్యలో విరిగిందా, పేజీ తెరుచుకోదు.

పంక్తుల ఎడం అక్షరం ఎత్తుకు 1.6 రెట్లయినా ఉండాలి. ఇంగ్లీషు మూసలో ఉన్న ఎడాన్ని అలాగే వదిలేస్తే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’లోని వత్తులు కింది పంక్తి గుడులకు తగులుతాయి. లంకెల కింద గీతదీ అదే గొడవ. గీత వత్తుల మీదుగా పోతుంది, లేదా బ్రౌజరు వత్తు వచ్చినచోటల్లా దాన్ని తెంపేసి తునకలు చేస్తుంది. స్టైలులో గీతను కిందికి జరిపే అండర్‌లైన్ ఆఫ్‌సెట్ ఉంది, దాన్ని 0.3 ఎమ్ (అక్షరం పరిమాణంలో పదింట మూడు వంతులు) దాకా పెంచి చూడండి.

రచయితల పేర్లు చివరి మాటను ముందుకు తెచ్చి, కామా, మిగతా పేరు అనే ఇంగ్లీషు మూసలో పోయకండి. విశ్వనాథ సత్యనారాయణ అన్నప్పుడు ఇంటిపేరు ముందే ఉంది, దాన్ని తిప్పడం దేనికి? ప్రోగ్రాము ‘యొక్క’ను అతికించి ‘పాలగుమ్మి పద్మరాజు యొక్క కథలు’ అని చూపిస్తుంటే ఆ మాట తీసేయండి. పద్మరాజు కథలు అంటే చాలు. ‘కథ లో’, ‘నవల కు’ అని విభక్తిని విడదీసే అలవాటూ ఈ మూసల నుంచే పాకుతోంది. విభక్తి మాటకు అంటుకునే ఉండాలి.

‘ఇక్కడ నొక్కండి’ అనే మాటకు లంకె తగిలించవద్దు. చూపులేనివారి పరికరం పేజీలోని లంకెలను వరుసగా చదివి వినిపించినప్పుడు ‘ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి’ అని తప్ప ఇంకేమీ వినపడదు. వ్యాసం పేరుకే లంకె వేసి, పక్కన రచయిత పేరూ, వ్యాసం దేని గురించో ఒక్క వాక్యమూ రాయండి. చిరునామాలు మారతాయి, పేజీలు మాయమవుతాయి. పేరూ రచయితా మీ పేజీలో ఉంటే చదువరి వేరేచోటైనా వెతుక్కుంటాడు. ఇంటర్నెట్ ఆర్కైవు వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ నకలును భద్రపరచి దాని చిరునామానూ చేర్చండి. మీరు ఎప్పుడు చూశారో తేదీ వేయండి. దానికి ‘చూసిన తేదీ’ అంటే చాలు. ‘వీక్షించబడిన తేదీ’ వద్దు.