యూనిట్ అమ్మాయిదా, ఊరిదా?

ప్రశ్న: మాది విశాఖ జిల్లా ఆనందపురం దగ్గర పల్లె. రెండెకరాల రైతుని. మా అమ్మాయి బీకాం పూర్తిచేసింది. ఉద్యోగం వద్దు, ఊళ్లో డ్వాక్రా ఆడవాళ్లతో కలిసి చోడి (రాగి) పిండి, సామల రవ్వ యూనిట్ పెడతానంటోంది. తన పేరున రూ.6 లక్షల లోన్ తీస్తుందట. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టమంటారా?

జవాబు: పెట్టకండి. చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఈపాటి అప్పుకి తనఖా అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉంది. మేనేజరు గారు పాసుపుస్తకం తెమ్మంటే ఆ మాట మర్యాదగా గుర్తుచేయండి.

లోన్ సంగతి తర్వాత. యూనిట్ ఎవరిదో ముందు తేల్చుకోండి. పని పదిమందిదీ, అప్పు ఒక్కదానిదీ అయితే వాయిదా తప్పిన నెల ఆ పదిమందీ కనబడరు. వాళ్ల తప్పేమీ కాదు, సంతకం చేసింది వాళ్లు కాదుగా.

సొంత యూనిటే అనుకుంటే పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం ఉంది. పల్లెలో మహిళ పెడితే 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. అంటే యూనిట్ మొత్తం ఖర్చు 6 లక్షలనుకుంటే మీ చేతి నుంచి 30 వేలు, సబ్సిడీ 2.10 లక్షలు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ సరిగా నడిస్తేనే అప్పులో జమవుతుంది. ఈలోగా పట్నంలో షాపువాళ్లు సరుకు దించుకుని "వచ్చే నెల చూద్దాం" అంటారు. శనివారం కూలి డబ్బులు మాత్రం ఆగవు. మిషన్‌కి లోన్ దొరుకుతుంది కానీ ఈ నెలరోజుల ఖాళీ నింపే డబ్బు గురించి ఎవరూ ఆలోచించరు.

నాకైతే రెండో దారి నచ్చుతుంది. పదిమంది రైతులు కలిస్తే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు. ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు. దాన్ని నడిపే ముఖ్య కార్యనిర్వహణాధికారిగా సభ్యులు కానివాళ్లనే పెట్టాలని చట్టం. మీరు సభ్యులుగా చేరండి, మీ అమ్మాయిని ఆ కుర్చీకి పోటీపడనివ్వండి. ఉద్యోగం వద్దన్న పిల్లకి ఇదీ జీతమొచ్చే ఉద్యోగమేనని మెల్లగా చెప్పండి! ఖాతాలు, ఆడిట్, ఏటా దాఖలు చేసే కాగితాలు, అన్నీ బీకాం చదివినవాళ్ల పనే. వ్యాపారం ఉన్నా లేకున్నా ఆడిటర్ ఫీజు తప్పదు, మొదట్లో జీతమూ తక్కువే. డైరెక్టర్ల వ్యక్తిగత హామీ కావాలని బ్యాంకు అడిగితే చదవకుండా సంతకం పెట్టొద్దు.

రెండిట్లో ఏదైనా సరే, ముందు యాభై కిలోల చోళ్లు ఊరి మిల్లులోనే ఆడించి, ప్యాకెట్లు కట్టి విశాఖ ఎంవీపీ కాలనీలో అమ్మి చూడమనండి. ఆడించిన కూలి, కవర్లు, ఆటో ఖర్చు, మిగిలిపోయి పురుగుపట్టిన ప్యాకెట్లు, అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయమనండి. ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరూ ఒకసారి రండి, కూర్చుని చూద్దాం.