పెల్లెట్ కిందికి జారుతోంటే తప్పెవరిది?
షూటింగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాడు. సిలిండర్ గాలితో పేలే రైఫిల్. మొదటి ఇరవై షాట్లు పదుల్లో (టార్గెట్ నడిమధ్య) పడతాయి, ఆ తర్వాత తొమ్మిదులు, అడపాదడపా ఎనిమిదులు. క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) పెట్టి చూస్తే వేగం సెకనుకు 166 నుంచి 175 మీటర్ల దాకా ఊగుతోంది. పెల్లెట్లు (సీసపు గుండ్లు) మార్చమంటే ఇప్పటికి మూడు రకాలు కొన్నాం. ఫలితం లేదు.
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: నాలుగో రకం కొనకండి. ముందు ఈ లెక్క చూడండి. 172 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ 10 మీటర్లు దాటడానికి సెకనులో 6 శాతం కూడా పట్టదు. ఆ కాస్త సమయంలోనే దాదాపు 16.5 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. సైట్ (గురి చూసే అమరిక) సరిచేసేటప్పుడే ఆ జారుడు లెక్కలోకి వచ్చేస్తుంది. మీరు రాసిన రెండు కొసలకీ, అంటే 166కీ 175కీ మధ్య తేడా 2 మిల్లీమీటర్లలోపే. పెల్లెట్ ఎనిమిదిలో పడాలంటే మధ్య నుంచి 5 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ దూరం పోవాలి. అంటే వేగం తేడా పాయింట్లో కొన్ని దశాంశాలు తినేయగలదు గానీ, ఒక్కటే పదిని ఎనిమిది చేయలేదు. ఇంకొకటి: వేగం మారితే గుండు పైకో కిందికో పోతుంది, పక్కలకు పోదు. టార్గెట్ కాగితాలు తెచ్చి చూడండి. రంధ్రాలు నిలువుగా బారు తీరితే రైఫిల్‌ని అనుమానించాలి. అడ్డంగా చెదిరితే అబ్బాయి నిలబడే తీరునో, వదులైన స్క్రూలనో చూడాలి.

అలాగని 9 మీటర్ల ఊగిసలాట మామూలు విషయం కాదు. రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కూ ఒకే ఒత్తిడితో గాలి వదిలే భాగం) బాగున్న రైఫిల్లో పది షాట్లలో తేడా 3 మీటర్ల లోపే ఉండాలి. అయితే మొదట క్రోనోగ్రాఫ్‌నే అనుమానించండి. ట్యూబ్‌లైట్ మినుకు కళ్లకు కనపడదు గానీ కాంతి సెన్సర్లను తికమక పెడుతుంది. ఆ లైటు ఆర్పి, పాత రకం ఫిలమెంట్ బల్బు వెలుగులో చూడండి. బారెల్ మూతి సెన్సర్‌కు మరీ దగ్గరుంటే గాలి విసురుకే అది లెక్క చెప్పేస్తుంది, ఒక మీటరు దూరం పెట్టండి. బ్యాటరీ కొత్తది వేయండి. వెనక పెల్లెట్ ఆపే డబ్బా మరవొద్దు.

అప్పుడు ఒకే డబ్బాలోని పెల్లెట్లతో అరవై షాట్లు కాల్చి, ప్రతి ఐదో షాట్‌కీ వేగం, సిలిండర్ మీటరు రీడింగు పక్కపక్కన రాయించండి. ఆ కాగితమే రోగం చెబుతుంది.

వేగం కొంతసేపు నిలకడగా ఉండి, ఒక దగ్గర నుంచి దిగుతూ పోతే సిలిండర్లో గాలి రెగ్యులేటర్‌కు చాలని స్థాయికి పడిపోయినట్టు. మీది ఇదేనని మా అనుమానం. పూర్తిగా నిండిన సిలిండర్‌తో వంద షాట్లు దాటాలి, ఇరవైకే ఎందుకు అయిపోతోంది? హడావిడిగా నింపితే గాలి వేడెక్కుతుంది. 60 డిగ్రీల దగ్గర మీటరు 200 బార్ (ఒత్తిడి కొలత) చూపించినా, చల్లారి 35కి వచ్చేసరికి అది 185 అవుతుంది. మెల్లగా నింపి, పావుగంట ఆగి, మళ్లీ 200 దాకా నింపాలి. అంతకు మించొద్దు. మీరు గాలి నింపుకునే పెద్ద సిలిండర్‌లోనే గాలి తగ్గిపోయి ఉంటే మీది ఎప్పటికీ నిండదు, దాని మీటరూ చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉండీ గాలి తగ్గుతోంటే, సాయంత్రం రీడింగు రాసుకుని మర్నాడు అదే వేళకు చూడండి. తగ్గితే జాయింటు చుట్టూ బ్రష్‌తో సబ్బు నురగ రాయండి, బుడగ వచ్చిన చోట ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) పోయినట్టు.

కాసేపు ఆగి కాల్చిన మొదటి షాట్ మాత్రం వేగంగా పోయి, తర్వాతివి కుదురుకుంటే రెగ్యులేటర్ సీటు (లోపల గాలిని మూసే భాగం) అరిగింది, లేదా దాని మీద మురికి కూర్చుంది. ఇది తెలిసిన మెకానిక్ పని, ఇంట్లో విప్పకండి. ఏ వరసా లేకుండా ఊగితే పెల్లెట్ దూర్చే చోటి ఓ-రింగ్, ఆ తర్వాతే పెల్లెట్లు.

మన కృష్ణాతీరపు ఉక్కలో గాలి నిండా తేమ. చేతి పంపు వాడేవాళ్లు తేమ పట్టే ఫిల్టర్‌ను మారుస్తూ ఉండాలి, లేకపోతే నీరు రెగ్యులేటర్లోకి చేరుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో సిలిండర్‌ని కారులో వదలొద్దు. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు తప్ప మరే నూనే తగలనీయకండి. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నింపించొద్దు. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్‌కు నూనె చుక్క తగిలితే పేలిపోతుంది.

ప్రశ్న: పెల్లెట్లను ఒక్కొక్కటీ తూచి వేరుచేస్తే లాభమా?
– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: కొంచెం. మ్యాచ్ పెల్లెట్ దాదాపు 0.53 గ్రాములు. 0.01 గ్రాము తేడా వస్తే వేగంలో దాదాపు 1.6 మీటర్లు, టార్గెట్ మీద మిల్లీమీటర్లో మూడో వంతు. వంటింటి కాటాతో తూచి ప్రయోజనం లేదు, బంగారం కొట్లో ఉండే మిల్లీగ్రాముల కాటా కావాలి. అంత శ్రమకంటే పెల్లెట్ తల సైజు మీద దృష్టి పెట్టండి: 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల మూడు రకాలతో రైఫిల్‌ని క్లాంపులో బిగించి పదేసి షాట్లు కాల్చి, ఏ గుంపు చిన్నదో అది కొనండి. అంచు నొక్కుకుపోయినవి, తెల్లటి పొడి పట్టినవి తీసేయండి. సీసం కాబట్టి తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ప్రశ్న: నాది స్ప్రింగ్ రైఫిల్. కొత్తగా నూనె వేశాక పొగ వస్తోంది, పెద్దగా చప్పుడు చేస్తోంది. ఒక్కో గుండు ఒక్కో చోట పడుతోంది.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఎక్కువైన నూనె పిస్టన్ ముందు మండుతోంది. ఒక షాట్‌కు ఎక్కువ, ఇంకో షాట్‌కు తక్కువ మండుతుంది కాబట్టి వేగం ఇష్టం వచ్చినట్టు మారుతుంది. బారెల్‌ను పొడి గుడ్డతో తుడిచి, యాభై వంద షాట్లు కాల్చేయండి, తగ్గుతుంది. పెల్లెట్ లేకుండా మాత్రం ట్రిగ్గర్ నొక్కొద్దు. స్టాక్ (రైఫిల్ పిడి భాగం) స్క్రూలు బిగించండి, స్ప్రింగ్ కుదుపుకు అవి వదులవుతూనే ఉంటాయి. బారెల్ మడిచే కీలు దగ్గర టిష్యూ ముక్క పెట్టి కాల్చండి, అది ఎగిరితే సీల్ మార్చాలి. ఈ రకం రైఫిల్‌ని గట్టిగా పట్టుకోకూడదు, అరచేతి మీద ఊరికే ఆననివ్వండి.

ప్రశ్న: పొలం కాపలాకు లైసెన్స్ ఉన్న .315 రైఫిల్ ఉంది. ఖాళీ తూటాలను ఇంట్లో మళ్లీ నింపుకోవచ్చా?
– ఒక రైతు, తెనాలి దగ్గర

జవాబు: కూడదు. మీది ఆయుధం ఉంచుకునే లైసెన్సే. తూటాల తయారీకి 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద వేరే లైసెన్స్ ఉండాలి. మీ తూటాల గురి చెదురుతోంటే డబ్బా మీది లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైనవాటికి ఇచ్చేది) చూడండి, రెండు లాట్లు కలిపి కాల్చొద్దు. తూటాలోని మందు వేడెక్కితే వేగం పెరుగుతుంది, అందుకే ఎండలో పెట్టిన తూటాలు, నీడలో ఉన్నవి ఒక్కచోట పడవు. పచ్చగా తుప్పుపట్టిన తూటాలను వాడకుండా డీలరుకు చూపించండి.