తెల్ల ఎద్దుకు తెల్లరంగు ఎందుకు వద్దు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా చెలకలో వేపచెట్టు ముందు నిలబడిన తెల్లటి కాడెద్దును, పక్కన మేస్తున్న బర్రెను పొద్దుటి ఎండలో నీటిరంగులతో వేయాలని మూడుసార్లు ప్రయత్నించాను. ఎద్దుకు తెల్లరంగు, బర్రెకూ నీడలకూ నల్లరంగు వాడాను. పోలికలు కుదిరాయి గానీ ఎండ రాలేదు. పశువులు కూడా కత్తిరించి అతికించినట్టున్నాయి. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: లోపం మీ గీతలో లేదు, ఆ తెలుపు, నలుపు ట్యూబుల్లో ఉంది. నీటిరంగు పారదర్శకమైనది. వెలుతురు రంగుపొరను దాటి కాగితాన్ని తాకి మళ్లీ మన కంటికి చేరుతుంది కనుక, బొమ్మలో అన్నిటికన్నా వెలిగేది ఏమీ పూయని కాగితమే. తెల్లరంగు ఆ దారిని మూసేస్తుంది, ఎద్దు సుద్దతో రుద్దినట్టు తేలిపోతుంది. కాబట్టి వెన్ను, మూపురం, కొమ్ములలో ఎండ పడే అంచును పెన్సిలుతో సన్నగా గుర్తించుకొని, అక్కడికి కుంచె పోనీయకండి. వెనకనున్న వేపచెట్టు నీడను ముదురుగా వేస్తే ఆ కాగితమే ఎండై మెరుస్తుంది.

ఇక ఎద్దు కడుపు కింద ఒకసారి దగ్గరగా చూడండి. అక్కడి నీడ బూడిదరంగులో ఉండదు. ఎండ తగిలిన ఎర్రనేల తన కాంతిని పైకి చిమ్ముతుంది గనుక కడుపు అడుగున, గంగడోలు ముడతల్లో లేత నారింజ ఛాయ ఉంటుంది. ఆకాశం వైపు తిరిగిన నీడలోనేమో నీలం కలుస్తుంది. పల్చటి అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం) పూసి, అది తడిగా ఉండగానే కింది నుంచి బర్న్ట్ సియెన్నాను (ఎర్రమట్టి ఛాయ గోధుమరంగు) కుంచె కొనతో తాకించండి. రెండూ వాటంతట అవే కలుస్తాయి, మళ్లీ దిద్దవద్దు. ఇలాంటి ఎర్ర చెలక ఎదురుగా ఉండడం మీ అదృష్టమని నా నమ్మకం.

బర్రెకూ ఈ రెండు రంగులే చాలు. చిక్కగా కలిపితే నలుపుకు దగ్గరగా వచ్చినా అందులో జీవం ఉంటుంది. దాని వీపు మీద మాత్రం ఆకాశం మెరిసే చోట లేత నీలపు చార వదలండి.

అతికించినట్టు కనిపించడానికి కారణం, పశువును ఒకసారి, నేల మీది నీడను ఆరాక మరొకసారి వేయడమే. నీడవైపు కాలు, గిట్ట, నేలమీద పరుచుకున్న నీడ, ఈ మూడింటినీ ఒకే తడి పూతలో దించితే పశువు నేల మీద నిలబడుతుంది. పొద్దు జరిగేకొద్దీ నీడలూ జరుగుతాయి కనుక, కూర్చున్న వెంటనే వాటి హద్దులు గీసుకోవాలి.

మన వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటితే పూత కుంచె కిందే ఆరిపోతుంది. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే నూలు కాగితం తీసుకొని, రెండువైపులా తడిపి, చెట్టు నీడన కూర్చొని వేయండి. పశువుల వెంట తిరిగే కొంగల వంటి చిన్న తెలుపులకు మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా ముందే పూసి, తర్వాత ఒలిచేసే రబ్బరు ద్రవం) వాడవచ్చు గానీ, దానిని ఎండలో పెడితే కాగితానికి పట్టుకొని లేవదు. రంగు ఆరాక లేతబడుతుంది కాబట్టి, నీడను కంటికి తోచినదానికన్నా కాస్త ముదురుగా కలపండి.

నాలుగో ప్రయత్నంలో పొలమంతా వద్దు. అరచేతి వెడల్పు కాగితం మీద ఒక్క ఎద్దును, దాని నీడను వేసి పంపండి, చూస్తాను.