గుమ్మం బీడింగ్ మూలలు కలిపేటప్పుడు

చిరంజీవి అల్లుడికి,

గుమ్మానికి టేకు బీడింగ్, అదే చుట్టూ కొట్టే చెక్క పట్టీ, నువ్వే కొట్టుకుంటానన్నావని మీ అమ్మ చెప్పింది. కానివ్వు. నిలువు ముక్కలు ఎవరైనా కొడతారు, పనితనమంతా పైనున్న రెండు మూలల్లోనే కనిపిస్తుంది.

అందరూ 45 డిగ్రీలు కోసేయమంటారు. గుమ్మం మూల సరిగ్గా మూలమట్టానికి, అంటే 90 డిగ్రీలకు ఉంటే ఆ మాట నిజమే. అలాంటి గుమ్మాలు నేను చూసింది తక్కువ. మూల 92 ఉంటే ఒక్కో ముక్క దాని పొడవు అంచు నుంచి కొలిచి 46కి కోయాలి. కుర్రతనంలో ఒకసారి చూసుకోకుండా ఇంటి మొత్తానికీ 45కే కోసేశాను. ఆ ఇంటాయన సందులో గోరు పెట్టి చూపించాడు, నోరెత్తలేకపోయాను.

డిగ్రీలు కొలవకుండానే తేల్చుకోవచ్చు. నిలువు ముక్కను దాని చోట ఆనించి, బయటి అంచు వెంట గోడ మీద పెన్సిల్ గీత గీయి. అడ్డ ముక్కతోనూ అలాగే చెయ్యి. రెండు గీతలూ కలిసింది బయటి మూల. లోపలి అంచులు కలిసే చోట ఇంకో గుర్తు పెట్టు. ఈ రెండు గుర్తులనూ కలిపే గీతే నీ కోత. ముందు పనికిరాని ముక్కల మీద కోసి చూసుకో. నిలువు ముక్కలు కింద అంగుళం ఎక్కువ ఉంచి, పై మూల కుదిరాకే కింద కొయ్యి. పైన తప్పినా మళ్లీ కోసుకునే వీలుంటుంది.

ఫెవికాల్ రెండుసార్లు పట్టించు. కోసిన కొస జిగురును తాగేస్తుంది, అందుకే మొదటి పూత కాస్త ఆరనిచ్చి రెండోది రాయి. పైకి కారింది తడిగుడ్డతో వెంటనే తుడువు, లేకపోతే అక్కడ పాలిష్ పట్టదు, తెల్లమచ్చ పడుతుంది.

మేకు కొసకు మరీ దగ్గరగా కొడితే టేకు చీలిపోతుంది. సన్నటి డ్రిల్ బిట్‌తో ముందే బెజ్జం వేసుకో. మూల దగ్గర రెండు ముక్కల్నీ కలిపి పక్క నుంచి కూడా ఒక సన్న మేకు దించు. గోడ పట్టు వదిలినా మూల విడిపోదు.

అన్నట్టు, ఇప్పుడు వానలు కదా. బీడింగ్ తెచ్చి వారం రోజులు ఆ గదిలోనే పడుకోబెట్టు. చెమ్మ మీద కొడితే ఎండాకాలానికి వెడల్పు తగ్గి, మూల లోపలి వైపు నోరు తెరుస్తుంది.

ముక్కలు కోశాక, మేకులు కొట్టకముందు నాకో ఫోటో పెట్టు.

మీ మావయ్య