గీత కిందికి వాలిన రోజు

చిరంజీవి చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న అవనిగడ్డ నుంచి ఫోన్ చేశాడు. ఇంగ్లండులో స్థానిక విద్యాధికార సంస్థలు, అంటే కౌన్సిళ్ల విద్యాశాఖలు, బడుల మీద పెట్టే ఖర్చుకూ, ఆ బడుల్లో చదివే పిల్లల ఫలితాలకూ ఉన్న సంబంధం మీద నువ్వు సిద్ధాంత గ్రంథం రాయబోతున్నావని చెప్పాడు. ఒక కౌన్సిల్ విద్యాశాఖలో, సరిగ్గా ఆ లెక్కల మధ్యనే పాతికేళ్లు గడిపినవాణ్ణి కాబట్టి, గర్వం పట్టలేక మీ పెద్దమ్మను నిద్రలేపి మరీ చెప్పాను. ఆవిడ మళ్లీ నిద్రపోయింది కానీ నాకు తెల్లవారేదాకా కన్ను మూతపడలేదు. నువ్వు అన్నావంటూ మీ నాన్న చెప్పిన ఒక మాటే దానికి కారణం: నూటయాభై సంస్థల లెక్కలూ దించుకున్నావట, ఒక్క గ్రాఫ్ గీస్తే విషయం తేలిపోతుందట. తేలదమ్మా.

తేలికైన సంగతులు ముందు చెప్పేస్తాను. వేర్వేరు సంవత్సరాల పౌండ్లను ధరల పెరుగుదలకు తగ్గట్టు సవరించకుండా పోల్చకు. ఒకే ఒక్క బడి ఉన్న సిల్లీ దీవులనూ, వందలాది బడులున్న కెంట్‌నూ సమానమైన రెండు చుక్కలుగా పెట్టకు. 2020, 2021 సంవత్సరాలలో పరీక్షలు జరగలేదు, ఆ గ్రేడ్లు ఉపాధ్యాయులు వేసిన అంచనాలు కాబట్టి వాటిని మిగతా ఏళ్ల పక్కన చేర్చకు. 2010 చట్టం తరువాత కౌన్సిళ్ల చేతిలోంచి బయటికి వచ్చి అకాడమీలుగా మారిన బడులకు డబ్బు కేంద్ర ప్రభుత్వం నుంచే నేరుగా వెళుతుంది. వాటి ఆర్థిక సంవత్సరం సెప్టెంబరులో మొదలైతే కౌన్సిల్ బడులది ఏప్రిల్‌లో మొదలవుతుంది. కౌన్సిళ్లు తమ ఖర్చుల వివరాలతో పంపే సెక్షన్ 251 పట్టికలను మాత్రమే ముందు పెట్టుకుని కూర్చుంటే ఆ డబ్బు నీకు సరిగ్గా కనిపించదు. ఇవన్నీ మీ ప్రొఫెసరు కూడా చెబుతారు. నేను చెప్పవలసినది ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు, ఎందుకంటే అది నా తప్పు.

1996 నవంబరులో, నేను ఆ ఉద్యోగంలో చేరిన మూడేళ్లకు, విద్యా కమిటీ సభ్యులు ఒక ప్రశ్న పంపారు: మనం ఒక్కో విద్యార్థి మీద పెడుతున్న ఖర్చుకు తగిన ఫలితం వస్తోందా? నాకు ముప్పయి ఎనిమిదేళ్లు, పేరు తెచ్చుకోవాలన్న ఆత్రం. దేశంలోని వందకు పైగా విద్యాధికార సంస్థల లెక్కలు తెప్పించాను. అడ్డంగా తలసరి ఖర్చు, నిలువుగా పదహారో ఏట రాసే జీసీఎస్‌ఈ పరీక్షల్లో అయిదు, అంతకు మించిన సబ్జెక్టులలో ఏ-స్టార్ నుంచి సీ వరకు గ్రేడ్లు తెచ్చుకున్న పిల్లల శాతం వేసుకుని, ప్రొజెక్టరు మీద పెట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం మీద నీలి మార్కరుతో చుక్కలు పెట్టాను, మన కౌన్సిల్‌కు మాత్రం ఎర్రచుక్క. ఎర్రచుక్క కుడివైపు కింది మూలన పడింది. గీత గీస్తే అది ఎడమ నుంచి కుడికి చక్కగా కిందికి వాలింది. నిజం చెబుతున్నాను చిట్టీ, ఆ గీతను చూసి నేను మురిసిపోయాను. అంత స్పష్టమైన గీత నా చేతినుంచి రావడం అదే మొదటిసారి.

అడుగున చిన్న అక్షరాలతో ఒక వాక్యం రాశాను, సంస్థల మధ్య పేదరికంలో ఉన్న తేడాలను ఇందులో లెక్కించలేదని. ఆ వాక్యం తెర కింది అంచు దాటి గోడ మీద పడింది, ఎవరూ చదవలేదు. ఒక సభ్యుడు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, తెర దగ్గరికి నడిచి, పెన్నుతో నా గీత వెంబడే పై నుంచి కిందికి దిగుతూ, ఎక్కువ ఖర్చు పెట్టినచోట తక్కువ ఫలితం వస్తోందన్నమాట అన్నాడు. నేను నోరు తెరవలేదు. తెరవలేకపోలేదు, తెరవలేదు. వచ్చే ఏటి బడ్జెట్ కాగితాలకు నా గ్రాఫ్‌ను అనుబంధంగా జోడించారు. ఇంగ్లీషు రాకుండా బడిలో చేరే పిల్లల పక్కన కూర్చుని వాళ్ల భాషలో పాఠం అందించే సహాయకుల సంఖ్య తగ్గింది. నా గీత లేకపోయినా ఆ కోత పడేదేమో. కానీ సాకు నేనే అందించాను.

కొన్ని వారాల తరువాత ఫోటోకాపీ యంత్రం దగ్గర ఒక పంజాబీ ఆవిడ నన్ను ఆపింది. ఆ సహాయకులలో ఆవిడ ఒకరు. చేతిలో బడ్జెట్ కాగితాలున్నాయి, నా గ్రాఫ్ ఉన్న పేజీ మడిచి ఉంది. కోపంగా లేదు. "ఈ చుక్కలు పెట్టింది మీరేనా? వీటిలో మా బడి ఎక్కడుందో చూపించండి" అని అడిగింది. ఆవిడ బడి అందులో లేదు. ఏ బడీ లేదు, ఏ పిల్లవాడూ లేడు. డెబ్బయి ఎనభై బడులను దంచి పిండి చేసి ఒక్క ఎర్రచుక్కగా అద్దాను. దానిలో ఎవరి మీద ఖర్చయిందో, ఎవరికి మార్కులు రాలేదో ఎవరు చెప్పగలరు?

ఈ పొరపాటు అప్పటికే పేరున్న పొరపాటు. 1950లో రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికా జనగణనను తీసుకుని, రాష్ట్రాలను పోల్చితే విదేశాలలో పుట్టినవాళ్లు ఎక్కువగా ఉన్నచోట నిరక్షరాస్యత తక్కువగా కనిపిస్తుందనీ, మనుషులను విడివిడిగా చూస్తే విదేశాలలో పుట్టినవాళ్లలోనే నిరక్షరాస్యత ఎక్కువనీ చూపించాడు. వలస వచ్చినవాళ్లు చదువుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో స్థిరపడ్డారు, అంతే. స్వయంగా వలస వచ్చినవాణ్ణయి ఉండీ, ఆ సంగతి చదవకుండా కుర్చీలో కూర్చున్నాను.

ఇక్కడ డబ్బు ఎటు పోతుందో ముందు తెలుసుకో. నా కాలంలో ప్రతి సంస్థకూ ఎంత అవసరమో ప్రభుత్వం ఒక సూత్రంతో అంచనా కట్టేది; పేద కుటుంబాలు, జీతాలు ఎక్కువగా ఉండే ప్రాంతాలు, అదనపు సాయం కావలసిన పిల్లలు ఉన్నచోట ఆ అంకె పెరిగేది. 2011లో వచ్చిన ప్యూపిల్ ప్రీమియం, అంటే పేద పిల్లల తలకింతని బడికి ఇచ్చే అదనపు డబ్బు, వాళ్లున్నవైపు డబ్బును నెట్టడానికే పుట్టింది; 2018లో మొదలైన జాతీయ సూత్రంలో కూడా పేద పిల్లలకు అదనపు వాటా ఉంది. అంటే వెనకబడిన చోటుకే డబ్బు వెళుతుంది. 1977 దివిసీమ ఉప్పెన తరువాత మీ తాతయ్యా నేనూ బియ్యం లారీల వెంట తిరిగాం. ఎక్కువ లారీలు వెళ్లిన ఊళ్లలోనే ఎక్కువ శవాలు తేలాయి. లారీలనూ శవాలనూ పక్కపక్కన వేసి గీత గీస్తే ఏమొస్తుందో పందొమ్మిదేళ్ల వయసులో ఎవరు అడిగినా నవ్వేవాణ్ణి కాదు, చెంప పగలగొట్టేవాణ్ణి. ముప్పయి ఎనిమిదేళ్లకు కోటు వేసుకుని నేనే ఆ గీత గీశాను.

లండన్‌లోని టవర్ హామ్లెట్స్ సంగతి తప్పకుండా చదువు. 1997లో ఫలితాలలో దేశం మొత్తానికి అట్టడుగున ఉండేది, డబ్బు మాత్రం ఎక్కువగా అందేది. పదిహేనేళ్లు తిరిగేసరికి దేశ సగటును దాటింది, డబ్బు అప్పుడూ ఎక్కువే. మొదటి ఏడాది గ్రాఫ్ గీసినవాడు డబ్బు వృథా అంటాడు, తరువాతి ఏడాది గీసినవాడు డబ్బే మంత్రం వేసిందంటాడు. మధ్యలో, లండన్ బడులను బాగుచేయడానికి ప్రభుత్వం 2003లో మొదలుపెట్టిన లండన్ చాలెంజ్ ఉంది. పిల్లల కోసం ప్రాణం పెట్టే బంగ్లాదేశీ కుటుంబాలున్నాయి. లండన్ విజయంలో ఎక్కువ భాగం వలస కుటుంబాల పిల్లలదేనని 2014లో సైమన్ బర్జెస్ అనే ఆర్థికశాస్త్రవేత్త వాదించాడు. నువ్వు ఏ పక్షం తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు కానీ, తీసుకునే ముందు డబ్బునూ, లండన్ చాలెంజ్‌నూ, వలస కుటుంబాలనూ, ఈ ముగ్గురినీ పిలిచి కూర్చోబెట్టు.

నేనే మళ్లీ మొదలుపెడితే సంస్థలను వదిలి పిల్లలను పట్టుకుంటాను. 2002 నుంచి ఒక్కో విద్యార్థి వివరాలు నమోదవుతున్నాయి కదా, పదకొండో ఏట ఆ పిల్లవాడు ఎక్కడున్నాడో, పదహారో ఏట ఎక్కడికి చేరాడో చూడు. ఆ తరువాత సంస్థల మధ్య ఉన్న సరిహద్దులకు వెళ్లు. గిబ్బన్స్, మెక్‌నల్లీ, వియరెంగో అనే ఆర్థికశాస్త్రవేత్తలు చేసిన పని నాకు ఇష్టం. జీతాలు ఎక్కువ ఉండే ప్రాంతమని ఒక సంస్థకు అదనంగా డబ్బు వస్తుంది, సరిహద్దుకు అవతల ఉన్న పక్క సంస్థకు రాదు. కానీ సరిహద్దుకు రెండు పక్కలా దగ్గరదగ్గరగా ఉన్న బడులు టీచర్లకు ఇచ్చే జీతాలలో పెద్ద తేడా ఉండదు. ఇరుగుపొరుగు ఒక్కటే, చేతిలో డబ్బే వేరు. అలా పోల్చినప్పుడు డబ్బు ఎక్కువ అందిన ప్రాథమిక పాఠశాలల పిల్లలు మెరుగ్గా రాణించారని, పేదపిల్లలు ఎక్కువగా ఉన్నచోట ఆ మేలు ఇంకా ఎక్కువని వాళ్లు తేల్చారు. సరిహద్దు దగ్గర ఒక జాగ్రత్త: 1989 గ్రీనిచ్ తీర్పు తరువాత, పక్క ప్రాంతం పిల్లలన్న కారణంతో వాళ్లను వెనక్కి నెట్టే వీలు కౌన్సిళ్లకు లేదు. పడమటి లండన్ పిల్లలు పక్కనున్న స్లౌ పట్టణంలో, ప్రవేశపరీక్ష పెట్టి పిల్లలను ఎంచుకునే గ్రామర్ స్కూళ్లకు రైలెక్కి వెళతారు, వాళ్ల మార్కులు స్లౌ ఖాతాలో పడతాయి.

ఇక నీ మీద కోపం వచ్చిన సంగతి. పేదరికానికి ఉచిత భోజనం పొందే పిల్లల శాతం చాలునన్నావట. 2014 సెప్టెంబరు నుంచి మొదటి మూడు తరగతుల పిల్లలందరికీ భోజనం ఉచితమే కాబట్టి చాలామంది తల్లిదండ్రులు ఫారం నింపడమే మానేశారు. 2018 తరువాత ఒకసారి అర్హత వచ్చినవాళ్ల పేరు తొలగించడం ఆపారు కాబట్టి అంకె పెరుగుతూ పోయింది. అది అలా ఉంచు. 1992లో నాకు ఉద్యోగం లేక ప్రభుత్వ భృతి మీద బతికిన ఆరు నెలల్లో మీ అన్నయ్య బడి నుంచి ఆ ఫారం వచ్చింది. నింపాను, సంతకం చేశాను, కోటు జేబులో పెట్టుకుని బడి గేటు దాకా వెళ్లాను, తిరిగి వచ్చేశాను. మీ పెద్దమ్మ రొట్టెముక్కల మధ్య ఆవకాయ రాసి డబ్బాలో పెట్టి పంపేది, వాడు ఆ వాసనకు సిగ్గుపడి ఒక మూల కూర్చుని తినేవాడట. బడులు ఏటా పంపే ఆ జనవరి లెక్కలో మీ అన్నయ్య పేదవాడు కాడు. నీ పట్టికలో అలాంటి పిల్లలెందరున్నారో ముందు అడుగు.

ఒక్క పని మాత్రం నా కోసం చెయ్యి. ఏ గ్రాఫ్ కింద హెచ్చరిక రాయాలనిపించినా, దాన్ని పేజీ అడుగున పెట్టకుండా పై వాక్యంలోనే ఇమిడ్చి రాయి. ఆ వాక్యంలో ఇమడలేదంటే ఆ గ్రాఫ్ ఎవరికీ చూపించకు, నాకు తప్ప. శనివారం మధ్యాహ్నం రైలుకు రా, గోంగూర దొరికింది. నా ప్లాస్టిక్ కాగితం అటక మీద అట్టపెట్టెలో ఇంకా ఉంది, నీలి చుక్కలు వెలిశాయి కానీ ఎర్రచుక్క అలాగే ఉంది. నిచ్చెన పట్టుకునే మనిషి లేక దించలేదు.

ఇట్లు,
మీ పెదనాన్న