19 రోజులు, మిగతా 11 నెలలు

చిరంజీవికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నీ నాలుగు పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి పెద్దమ్మగా చదివి మురిసిపోయాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ఈ ఉత్తరం ఆ రెండో చదువు గురించి. డిగ్రీ చేతికొచ్చాక గడిచిన ఏడాదినీ, చేసిన ప్రయాణాన్నీ కలిపి రాసుకోవాలన్న ఆలోచన మంచిదే. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను.

ముందు లెక్క చూద్దాం. నువ్వు ప్రయాణంలో ఉన్నది 19 రోజులు. వాటికి మూడున్నర పేజీలు ఇచ్చావు. మిగతా 11 నెలల పైచిలుకుకు దక్కింది అర పేజీ. అందులోనూ సగం ‘కాలం ఎలా గడిచిందో తెలియలేదు’ అన్న ధోరణే. తెలియకపోవడమేమిటి? ఆ నెలల్లో నువ్వు దరఖాస్తులు పెట్టావు, ఇంటర్వ్యూలకు వెళ్లావు, ఒకచోట చేరి రెండు నెలలకే మానేశావు, తర్వాత కొన్ని వారాలు గది తలుపు వేసుకుని కూర్చున్నావు. ఇవన్నీ మీ అమ్మ చెబితే నాకు తెలిశాయి. నీ వ్యాసంలో వీటి జాడ లేదు.

తప్పంతా నీదే అనను. జ్ఞాపకానికి ఆ పక్షపాతం పుట్టుకతోనే ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1993లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరి చేత 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. మరోసారి అదే 60 సెకన్లు పెట్టించి, తియ్యకుండా ఇంకో 30 సెకన్లు ఉంచమన్నారు. ఆ 30 సెకన్లలో నీటిని మెల్లగా 15 డిగ్రీలకు తెచ్చారు. మళ్లీ చేయాల్సివస్తే ఏది చేస్తారని అడిగితే, ఎక్కువమంది రెండోదాన్నే కోరుకున్నారు. బాధ ఎక్కువసేపు ఉన్నా, చివర కాస్త మెరుగ్గా ఉండడంతో మనసు దానివైపే మొగ్గింది. నీ ఏడాది కూడా ప్రయాణంతో ముగిసింది కదా. ఆ చివరి రంగు మొత్తం ఏడాదికి అంటుకుంది.

అందుకని రాయడం కాసేపు ఆపు. ఒక పెద్ద కాగితం తీసుకుని పన్నెండు గడులు గీయి. ఒక్కో గడిలో ఆ నెల జరిగిన రెండు మూడు సంగతులు తేదీలతో సహా రాయి. జ్ఞాపకాన్ని నమ్మకు, సాక్ష్యాలు వెతుకు. ఫోనులో నువ్వు పంపిన సందేశాలు, దరఖాస్తులు వెళ్లిన ఈమెయిళ్లు, బ్యాంకు ఖాతా పద్దులు, దాచుకున్న టికెట్లు. బ్యాంకు పద్దును మించిన డైరీ నేను చూడలేదు. ఏ నెలలో ఎవరి దగ్గర చేబదులు తీసుకున్నావో, ఏ వారమంతా గడప దాటలేదో అన్నీ అందులో ఉంటాయి. అర్ధరాత్రి దాటాక స్నేహితురాలికి పంపిన సందేశం ఒక్కటి చదివినా ఆ నెల ఎలా ఉండేదో తెలిసిపోతుంది. ఈ పనికి ఒక మధ్యాహ్నం పడుతుంది, కొంచెం మనసు కష్టపడుతుంది కూడా. అందుకే చాలామంది దీన్ని దాటవేసి నేరుగా ‘నేర్చుకున్న పాఠాల’లోకి దూకేస్తారు.

నువ్వూ దూకావు. ఏడు పాఠాలు! వాటి సంగతి తర్వాత చెబుతాను.

నీకు తెలిసిందే, ముప్పై ఏళ్లు రాళ్లను చూస్తూ తిరగడమే నా ఉద్యోగం. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు మొదట నేర్పేది సుత్తి పట్టడం కాదు, ఫీల్డ్ నోట్‌బుక్ రాయడం. తేదీ, చోటు, వాతావరణం ముందు రాయాలి. పెన్సిలుతోనే రాయాలి, వానకు సిరా కరిగిపోతుంది కాబట్టి. తప్పు రాస్తే చెరపకూడదు, ఒక్క గీతతో కొట్టెయ్యాలి, కింది మాట కనబడుతూ ఉండాలి. రేపు ఆ తప్పే ఒప్పు కావచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది, కంటికి కనిపించింది ఒకచోట, దాన్నిబట్టి మనం ఊహించింది మరొకచోట ఉండాలి. రెండూ కలిపి రాశామా, నెల తిరిగేసరికి ఏది చూశామో, ఏది అనుకున్నామో మనకే తెలియదు.

ఇదంతా చదువుకున్నా మొదటి ఏడాది నేను వినలేదు. అప్పటి నా పుస్తకంలో ఒక పేజీ నిండా ‘అద్భుతం! మళ్లీ తప్పకుండా రావాలి!’ అని ఉంది. ఎక్కడికి రావాలో లేదు. ఆ అద్భుతమేమిటో ఇప్పటికీ నాకు గుర్తు రాలేదు.

నాకంటే చాలా పెద్దవాళ్లకే ఈ గతి పట్టింది. జీవ పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ 1831లో డిగ్రీ పూర్తిచేసి, అదే ఏడాది డిసెంబరు 27న బీగిల్ ఓడలో బయల్దేరాడు. అప్పుడతని వయసు 22, అంటే దాదాపు నీ వయసే. తిరిగొచ్చింది 1836 అక్టోబరు 2న. 1835లో గలాపగోస్ దీవుల్లో అయిదు వారాలు ఉండి పిట్టలను సేకరించాడు గానీ, చాలా పిట్టల విషయంలో ఏది ఏ దీవిలో దొరికిందో రాసుకోలేదు. 1837లో లండన్‌లో పక్షిశాస్త్రజ్ఞుడు జాన్ గౌల్డ్ ఇవి వేర్వేరు జాతులని తేల్చాక, దీవి పేరు ఎంత అవసరమో డార్విన్‌కు తెలిసొచ్చింది. అప్పుడు కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, ఓడలోని మరికొందరు సేకరించి చీటీలు కట్టి ఉంచుకున్న పిట్టల మీద ఆధారపడాల్సి వచ్చింది. ఆ పిట్టల మధ్యే తిరుగుతున్నప్పుడు అతనికి వాటి ప్రాధాన్యం తెలియలేదు. తెలిసింది ఇంటికి చేరిన తర్వాత.

ఇప్పుడు నీ ఏడు పాఠాల దగ్గరకు వస్తాను. ‘ప్రయాణం నన్ను నాకు పరిచయం చేసింది’ అన్నావు. బాగుంది, మరి పరిచయమైన ఆ అమ్మాయి ఎలా ఉంది? కోపిష్టా? డబ్బు దగ్గర గట్టిదా? తెలియని చోట దారి అడగడానికి సిగ్గుపడుతుందా? ఆ వాక్యం నువ్వే కాదు, రైలెక్కిన ఎవరైనా రాయగలరు. ‘ఓపిక నేర్చుకున్నాను’ అన్నదీ అంతే. ఆ ఓపిక తిరిగొచ్చిన మరుసటి వారంలో ఎక్కడ కనబడింది? మీ తమ్ముడు నీ ఛార్జర్ తీసుకుపోయిన రోజు మాత్రం కనబడలేదని విన్నాను. ఏడింటిలో ఆరు కొట్టెయ్యి. ఒక్క గీతతోనే సుమా, కింది మాట కనబడేలా. అవి అబద్ధాలని నేననడం లేదు. ఇంకా పండలేదు, అంతే. పుస్తకంలో ఎడమ పేజీలో చూసింది రాసి, ‘నేర్చుకున్నది’ రాయాల్సిన కుడి పేజీ ఖాళీగా వదిలిపెట్టు. అది నింపడానికి ఒకటి రెండేళ్లు పడితే పట్టనీ.

ఉంచమన్న ఆ ఒక్కటి నాలుగోది. ‘తెలియని ఊళ్లో నాకు ఎవరూ పనిలేని మనిషినని గుర్తు చేయలేదు’ అన్నావు. అది పాఠం కాదు, నీ ఏడాదికి తలుపు. గది తలుపు వేసుకుని కూర్చున్న ఆ వారాలనూ ఈ 19 రోజులనూ కలిపే దారం అదే. వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టి చూడు.

ఫొటోల మాట. రెండు వేలకు పైగా తీశానని గొప్పగా చెప్పావు. లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు ఒక మ్యూజియంలో చేసిన అధ్యయనం 2014లో అచ్చయింది. వస్తువులను ఫొటో తీసినవాళ్లకు, ఊరికే చూసినవాళ్ల కంటే వాటి వివరాలు తక్కువగా గుర్తున్నాయట. అయితే వస్తువులో ఏదో ఒక భాగాన్ని దగ్గరగా చూపిస్తూ తీసినప్పుడు ఆ నష్టం కలగలేదు. కాబట్టి రెండు వేలూ తిరగెయ్యకు. అయిదు ఎంచుకో. ఒక్కోదాని గురించి ఫొటోలో పడనిది రాయి. తీసే ముందు ఏం జరిగింది, పక్కన ఎవరున్నారు, వాసనేమిటి, చెప్పులు కరుస్తున్నాయా లేదా. ఫొటోలో కనబడేది మళ్లీ మాటల్లో చెబితే చదివేవాడికి విసుగు.

ఇంకో మాట. నీ వ్యాసం ఎవరితో మాట్లాడుతోందో నాకు అర్థం కాలేదు. ఒకచోట స్నేహితులతో, ఒకచోట ఉద్యోగమిచ్చే వాళ్లతో, ఒకచోట వేదికెక్కి లోకంతో మాట్లాడుతున్నట్టుంది. ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయల్దేరి మరుసటి ఏడాది సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారి పొడుగునా చూసినదాన్ని మిత్రుడు శ్రీనివాస పిళ్లెకు రాసి పంపేవారు. ఆ మిత్రుడే దాన్ని 1838లో అచ్చువేయించాడు. ఒక స్నేహితుడికి చెబుతున్నప్పుడు మనిషి గొప్పలు కాస్త తగ్గిస్తాడు, దారి వివరాలు కాస్త పెంచుతాడు. నువ్వూ ఒక్కరిని ఎంచుకో. నేనైనా ఫరవాలేదు గానీ, నీతో డిగ్రీ చదివి ఎక్కడికీ వెళ్లలేకపోయిన ఆ అమ్మాయైతే ఇంకా మేలు. ఆమె చదువుతుందని తెలిస్తే ‘అందరూ ఒక్కసారైనా ప్రయాణం చేయాలి’ అన్న వాక్యం నీ చేత్తోనే కొట్టేస్తావు. సెలవు, డబ్బు, ఇంట్లో ఒప్పుదల, ఈ మూడూ ఒకేసారి కుదిరాయి కాబట్టి నువ్వు వెళ్లావు. అది ఒక్క వాక్యంలో ఒప్పుకో, చాలు.

మానేసిన ఉద్యోగం గురించి ఎంత రాయాలన్నది నీ ఇష్టం. పేర్లు వద్దు. నీతో ప్రయాణించిన స్నేహితురాలితో జరిగిన తగువు రాయాలనుకుంటే ముందు ఆమెకు చూపించు. వద్దంటే తీసెయ్యి.

ఇక నీ నాలుగు పేజీల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు. మూడో పేజీ కింద, వాక్యం మధ్యలో ఇరికించావు: ‘రైలు తప్పిపోయి ఎనిమిది గంటలు స్టేషనులో ఉండాల్సి వచ్చింది, కానీ మరుసటి రోజు సూర్యోదయం చూసేసరికి అంతా మర్చిపోయాను.’ సూర్యోదయానికి పన్నెండు వాక్యాలు, స్టేషనుకు సగం వాక్యం. సూర్యోదయాలు నేను చాలా చూశాను. ఆ ఎనిమిది గంటలు ఎక్కడ కూర్చున్నావు? ఎవరికి ఫోను చేశావు, ఎవరికి చేయకూడదనుకున్నావు? ఛార్జింగు ఎంత మిగిలింది? పక్కన ఎవరైనా వచ్చి కూర్చున్నారా? ఏడ్చావా?

కొత్త ప్రతి పంపేటప్పుడు ముందు అది రాసి పంపు.

నీ పెద్దమ్మ